తొమ్మిది రోజుల బతుకమ్మకు మిఠాయి డబ్బాలా? ఇంటి నైవేద్యాలు తెలిసినవాళ్లు చెప్పండి

1. తంగేడు (హనుమకొండ)

మా అపార్టుమెంటులో అరవై నాలుగు ఇళ్లు. ఏటా కింద కార్లు తీయించి అక్కడే బతుకమ్మ ఆడతాం. చివరి రోజు, సద్దుల నాడు మాత్రం పద్మాక్షి గుట్టకు వెళ్తాం. ఈసారి కమిటీవాళ్లు తొమ్మిది రోజులకూ మిఠాయి దుకాణం నుంచి డబ్బాలు తెప్పిస్తామంటున్నారు. మొదటి రోజు మోతీచూర్ లడ్డు, రెండో రోజు కాజూ బర్ఫీ, ఇలా పట్టిక వేసి వాట్సాప్‌లో పెట్టేశారు. అలిగిన బతుకమ్మ నాడు కూడా మైసూర్‌పాక్ అని రాసి ఉంది. "ఆ రోజు నైవేద్యమే ఉండదు కదండీ" అన్నాను. "అలక తీరాలంటే తీపి పెట్టాలి కదమ్మా" అన్నారు కార్యదర్శిగారు. అందరితోపాటు నేనూ నవ్వాను. లిఫ్టు ఎక్కాక ఒళ్లు మండింది.

వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఏ రోజు ఏం పెట్టాలో నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మా అత్తగారిది హుజూరాబాద్ వైపు, మా అమ్మవాళ్లది నర్సంపేట. ఇద్దరి వరుసా కలవదు. డెబ్బై ఎనభై మందికి ఇళ్లలోనే చేయగలిగినవి ఏవి?

ఇంకొకటి. పోయిన ఏడు సద్దులకు నేను చేసిన మలీద, అదే రొట్టె నలిపి బెల్లం కలిపే ముద్ద, సాయంత్రానికల్లా కంకర అయింది. పిల్లలు ఆ ముద్దలతో గోలీలాడారు. ఎక్కడ తప్పిందో అది కూడా చెప్పండి.

2. పరకాల పిలగాడు

అక్కా, నాకు ఏమీ తెలియదు. అమ్మ పక్కన కూర్చుని చెబుతోంది, నేను టైపు చేస్తున్నాను. మధ్యలో వచ్చే తిట్లు వదిలేస్తున్నాను.

పెత్తరమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మ. నువ్వులు, నూకలు లేదా బియ్యప్పిండి. రెండో రోజు అటుకులు, బెల్లం, సప్పిడి పప్పు. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు అలక, పూలు పేర్చరు, ఏమీ పెట్టరు. ఎప్పుడో బతుకమ్మకు మాంసం ముద్ద తగిలిందని ఆ అలక అట. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయలంత చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు, అంటే నువ్వులు, బెల్లం, వెన్న కలిపినవి. తొమ్మిదో రోజు సద్దులు.

అమ్మ మాట ఉన్నదున్నట్టు: "మొదటి ఎనిమిది రోజులు ఆడపిల్లల పెత్తనమే. పదేళ్ల పిల్ల చేయగలిగినవే పెట్టేవాళ్లం. అటుకుల్లో బెల్లం కలపడానికి కూడా దుకాణం కావాలా?" దీని తర్వాతి వాక్యం మీ కమిటీ గురించి. రాయడం లేదు.

3. కోడెమొక్కు (వేములవాడ)

తొమ్మిది అని తేల్చేయకండి. మా వేములవాడలో ఏడో రోజే సద్దులు. మా ఇంటి కోడళ్లు ఇక్కడ ఏడో రోజు ఆడి, పుట్టింటికి వెళ్లి తొమ్మిదో రోజు మళ్లీ ఆడతారు. రెండు చోట్లా మలీద తింటారు. వాళ్లను బస్సు ఎక్కించి వచ్చే మాకు ఒక్కసారే.

4. లెక్కల సారు

నేను ముప్పై ఏళ్లు జనగామ, ఘన్‌పూర్ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పాను. బదిలీ అయిన ప్రతి ఊళ్లో పట్టిక మారేది. ఒక ఊళ్లో నాలుగో రోజు నానబియ్యం అయితే పక్క ఊళ్లో అదే రోజు పెసరబెల్లం. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక పత్రికలూ క్యాలెండర్లూ ఒకే వరుస అచ్చువేస్తున్నాయి, పిల్లలు దాన్నే బట్టీపడుతున్నారు. పరకాల అమ్మగారు చెప్పింది ఆ అచ్చు వరుసకు చాలా దగ్గరగా ఉంది. కానీ తంగేడుగారూ, మీ అత్తగారి వరుస వేరుగా ఉంటే దాన్ని తప్పనకండి.

మరొక సంగతి. సద్దులు, సత్తులు అనే రెండు మాటలను చాలామంది కలిపేస్తున్నారు. సద్ది అంటే చద్ది, మూటగట్టుకుని వెళ్లే అన్నం. పులిహోర, పెరుగన్నం, నువ్వులన్నం, కొబ్బరన్నం, నిమ్మకాయ అన్నం, ఇవి సద్దులు. సత్తు అనేది సంస్కృతంలోని సక్తు. వేయించిన గింజల పిండి. చెరువు కట్ట మీద రెండూ ఒకే తువ్వాల మూటలోంచి వస్తాయి కాబట్టి ఈ తికమక.

5. నైట్ డ్యూటీ (వరంగల్)

అందరూ పట్టికలు చెబుతున్నారు. ఎవరు వండుతారో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. నేను నర్సును. పండుగ రోజుల్లో డ్యూటీ మార్పించుకోవడమే ఒక యుద్ధం. ఏడింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, చీర కట్టుకుని కిందికి దిగితే ఒక గంట ఆట దక్కుతుంది. ఆ గంటలో జొన్నరొట్టెలు కాల్చమంటారా? డబ్బా తెప్పిస్తామన్నవాళ్లు నాకు శత్రువులుగా కనిపించడం లేదు. నైవేద్యం చేతితోనే చేయాలని గట్టిగా చెప్పే మగవాళ్లు ఆ చేయి ఎవరిదో కూడా చెప్పాలి.

6. తంగేడు

మీరన్నది నిజం, దాచుకోను. మా ఇంట్లోనూ నేను ఉద్యోగం చేసి వచ్చేదాన్నే. అందుకే అడిగాను, ఏవి తేలికో చెప్పమని. కష్టమైనవాటిని వంతులు వేసుకుంటే అవుతుందేమో.

7. కాజీపేట జంక్షన్

మాది తెనాలి. రైల్వే ఉద్యోగానికి కాజీపేట వచ్చి ముప్పై ఒక్క ఏళ్లయింది, ఇక్కడే స్థిరపడిపోయాం. మొదటి ఏడు మా ఆవిడను క్వార్టర్సులోని ఇరుగుపొరుగువాళ్లు వడ్డేపల్లి చెరువుకు తీసుకువెళ్లారు. నేను వెనక సంచి మోసుకుంటూ వెళ్లాను. పూలు నీళ్లలో వదిలాక ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటూ దోసిళ్లలో ఏదో పొడి పోసుకుంటున్నారు. ఒక పెద్దావిడ నా చేతిలోనూ గుప్పెడు పోసింది. విభూతి అనుకుని నుదుటికి పెట్టుకోబోయాను. "తినేది బిడ్డా" అంది. నోట్లో పోసుకుని "ఇది ఏమిటమ్మా" అని అడగబోయాను. అంతే, ముక్కులోంచి, నోట్లోంచి పొగబండిలా పొడి. సత్తుపిండి నోట్లో ఉండగా మాట్లాడకూడదని ఆ రోజు తెలిసింది.

మా వైపు పండుగ అంటే పాకం, నూనె, నెయ్యి. పొడిని పిండివంటగా నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు పెత్తరమాస వస్తుందంటే మా ఆవిడ కన్నా నేనే ముందు గిర్నికి (పిండిమరకు) వెళ్తున్నాను. కజ్జికాయలను గరిజెలు అనడం మాత్రం ఇంకా నోరు తిరగలేదు.

8. జగిత్యాల సకినం

బాబాయ్‌గారూ, నోరు తిరగకపోయినా చేయి తిరిగితే చాలు. గరిజె అంచు మడత ఎవరు వేస్తారు మీ ఇంట్లో?

తంగేడు అక్కా, సత్తుపిండికి భయపడకండి. ఎనభై మందికి గుప్పెడు చొప్పున నాలుగు కిలోలు చాలు. మేము మూడు రకాలు చేస్తాం: మక్కల (మొక్కజొన్న) సత్తు, పెసర సత్తు, నువ్వుల సత్తు. పల్లీలది, కొబ్బరిది కలిపి ఐదు చేసేవాళ్లూ ఉన్నారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఏ గింజను ఆ గింజగా వేయించాలి. మక్కలకు కావలసిన వేడిలో నువ్వులు వేస్తే చేదెక్కుతాయి, నువ్వులకు సరిపోయే మంటలో మక్కలు పచ్చిగా ఉండిపోయి పిండి నాలుకకు అంటుకుంటుంది. మక్కలు పగిలి లోపల లేత గోధుమ రంగు కనబడాలి. పెసలు కమ్మటి వాసన వచ్చి, పళ్ల మధ్య పటుక్కుమనాలి. పూర్తిగా చల్లారాకే గిర్నికి పంపండి. నువ్వులు, పల్లీలు మాత్రం గిర్నికి ఇవ్వకండి. నూనె దిగి రాయికి అంటుకుంటుంది, గిర్ని అతను మిమ్మల్ని జన్మలో రానివ్వడు. వాటిని ఇంట్లోనే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి.

ఇదంతా నాలుగైదు రోజుల ముందు చేసి డబ్బాలో పోసుకోవచ్చు. నైట్ డ్యూటీ అక్కకు కూడా ఇదే చెబుతున్నాను. పండుగ నాడు పొయ్యి వెలిగించే పనే లేదు.

చక్కెరా బెల్లమా అని మాత్రం అడగకండి, మా ఇంట్లో ప్రతి ఏడు అదే తగువు. అత్త చక్కెర పక్షం, నేను బెల్లం పక్షం. బెల్లం వేస్తే పిండి కొంచెం తడిసి ముద్ద కడుతుంది, గాలిలో ఎగరదు. కాజీపేట బాబాయ్‌గారికి అదే మేలు.

9. లెక్కల సారు

మా నాయనమ్మ చక్కెరను "బోధన్ చక్కెర" అనేది. నిజాం కాలంలో 1937లో పెట్టిన కర్మాగారం అది. ఇంట్లో చక్కెర ఉందంటే చుట్టాలు వచ్చారని అర్థం. సత్తులో చక్కెర వేయడం ఆవిడకు హోదా, నాకు బెల్లం హోదా. కాలం ఇలా తిరిగింది.

10. పాకం పిరికివాడు

చర్చ మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది జమ్మికుంట, ఉద్యోగం హైదరాబాదులో. దీపావళికి మా ఇంట్లో కేదారేశ్వర నోము. ఇరవై ఒక్క పోగుల దారం, ఇరవై ఒక్క అరిసె. అమ్మకు మోకాళ్లూ, మణికట్టూ సహకరించడం లేదు కాబట్టి ఈసారి అరిసెలు నేను చేస్తానన్నాను. రెండు వారాల నుంచి సాధన చేస్తున్నాను. మొదటి వాయ నూనెలో వేయగానే విచ్చిపోయి పాయసం అయింది. రెండో వాయతో గోడకు మేకు కొట్టవచ్చు.

ఇదివరకు అమ్మ రేషన్ దొడ్డు బియ్యంతో చేసేది. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు కదా. తినడానికి బ్రహ్మాండం. నా అరిసెలు పోవడానికి కారణం ఈ సన్నబియ్యమే అని నా అనుమానం.

11. వేదిక నిర్వాహకులు

అరిసెల కోసం వేరే చర్చ తెరవమని మనవి. ఇది బతుకమ్మ నైవేద్యాల చర్చ.

12. పరకాల పిలగాడు

నిర్వాహకులుగారూ, అమ్మ ఇప్పటికే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఆపడం నా వల్ల కాదు.

"బియ్యం మీద పెట్టకు నాయనా. సన్నమా దొడ్డా కాదు, కొత్తవా పాతవా చూడు. పాతబియ్యం పిండికి జిగురు ఉండదు. ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడగట్టి, తడి ఉండగానే పట్టించాలి. పట్టించిన పిండి పిడికిట బిగిస్తే ముద్దగా నిలబడాలి. నువ్వు ఎక్కడ పట్టించావు?"

13. పాకం పిరికివాడు

జమ్మికుంటలో పట్టించి, బస్సులో హైదరాబాదుకు తెచ్చుకున్నాను. మర్నాడు చేశాను.

14. పరకాల పిలగాడు

అమ్మ నుదురు కొట్టుకుంది.

"బస్సులో పిండి ఆరిపోయింది. ఆరిన పిండి పాకం తాగేస్తుంది, అందుకే మేకులు. మొదటి వాయ విచ్చిపోయింది పాకం లేతగా దించావు కాబట్టి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం చుక్క నీళ్ల గిన్నెలో వేస్తే కరగకుండా, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కావాలి. ఉండ గిన్నెకు కొడితే టంగుమందంటే ముదిరిపోయింది. దించి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. ఒక్కడివే చేయకు. పక్కింటివాళ్లను పిలువు. నూనెలోంచి తీశాక రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి ఒత్తు, నూనె దిగుతుంది. మొదటి అరిసె పోతే భయపడకు, పిండి ఇంకాస్త కలుపు."

ఇప్పుడు నన్ను కూడా నేర్చుకోమంటోంది. పాకం పిరికివాడా, నీ వల్ల నా పండుగ పోయింది.

15. కాజీపేట జంక్షన్

అమ్మగారికి నమస్కారం. తెనాలిలో మా అమ్మ కూడా అచ్చం ఇదే చెప్పేది, గిన్నెకు కొట్టి చూడటంతో సహా. గరిజె అంచు మడత మా ఆవిడే వేస్తుంది. నేను వేస్తే నూనెలో నోరు తెరుస్తున్నాయి.

16. ములుగు రోడ్డు

బెల్లం గురించి ఇంత మాట్లాడుతూ బంగారం ఊసు ఎత్తలేదేమిటి? మాకు బెల్లం అంటేనే బంగారం. రెండేళ్లకోసారి మాఘపౌర్ణమికి మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం తూచి మొక్కు తీర్చుకుంటాం. మొక్కుకున్న మనిషి ఒక పక్క, బెల్లం దిమ్మలు ఒక పక్క. నా చిన్నప్పుడు నన్ను తూచారు, పద్దెనిమిది కిలోలు. మొన్నటి జాతరలో నా మొక్కు నేనే తీర్చుకుంటే ఎంత తూగానో ఇక్కడ రాయను.

కొనేటప్పుడు దుకాణంలో ఆధార్ కాపీ అడిగారు. బెల్లాన్ని గుడుంబాకు (నాటుసారాకు) మళ్లిస్తారని ఆ జాగ్రత్త. దేవతకు ఇచ్చే బంగారానికి పూచీకత్తు ఇచ్చి వచ్చాను.

మా ఇంట్లో జాతర నుంచి తెచ్చిన బంగారం ముక్క ఒకటి డబ్బాలో ఉంటుంది. బతుకమ్మ మలీదలో అందులోంచి చిటికెడు గీరి వేస్తారు. దసరా నాడు జమ్మి ఆకును కూడా బంగారం అనే పంచుకుంటాం. మా ఇంట్లో నిజమైన బంగారం తక్కువ, ఈ రెండూ బోలెడు.

17. తంగేడు

ములుగు రోడ్డు అన్నా, ఆ చిటికెడు బంగారం మాట ఎంత బాగుంది. మా అత్తగారు కూడా పోయిన జాతర బెల్లం దాచుకున్నారు, అడుగుతాను.

మీటింగ్ అయింది. మూడు గంటలు సాగింది. తేలింది ఇది: మొదటి ఎనిమిది రోజులు పిల్లలే నైవేద్యం చేస్తారు, రోజుకు ఎనిమిది ఇళ్ల పిల్లలు. పరకాల అమ్మగారి మాట చదివి వినిపించగానే పిల్లలే చేతులు ఎత్తారు. వేపకాయల రోజు నూనె దగ్గర మాత్రం పెద్దవాళ్లు నిలబడతారు. అలిగిన రోజు మైసూర్‌పాక్ రద్దు. సత్తుపిండి నేనూ, నాలుగో అంతస్తు అక్కలూ. దుకాణం డబ్బాలు ఒక్క రోజుకు, అది దసరా నాడు, కాపలా అతనికీ పనివాళ్లకూ ఇవ్వడానికి.

మలీద దగ్గర ఆగిపోయాం. ఎవరూ ముందుకు రాలేదు. పైగా ఒకాయన "మలీద మన వంట కాదు, పీర్ల పండుగకు చేసేది" అని కొత్త పేచీ పెట్టారు.

18. లెక్కల సారు

ఆ పెద్దమనిషికి నా మాటగా చెప్పండి. మలీద అనే పేరు పారసీ నుంచి వచ్చింది. నలిపినది అని అర్థం. రొట్టెను వేడిగా ఉండగా నలుపుతాం, పేరు అక్కడిదే. మా ఊళ్లో పీర్లు లేచినప్పుడు అగ్గిగుండం చుట్టూ ఆడినవాళ్లలో ముప్పాతిక మంది హిందువులే. మా అమ్మ పీర్లకు మలీద ముద్ద కట్టి ఇచ్చేది, బతుకమ్మకూ అదే చేత్తో కట్టేది. రొట్టె నలిపి బెల్లం కలపడం జొన్నలు పండించిన ప్రతి ఇంటికీ వచ్చు. ఆ పేరు ఇష్టం లేకపోతే ఆయనను కొత్త పేరు పెట్టుకోమనండి. ముద్ద మాత్రం రెండు తినకుండా ఉండలేడు.

19. నైట్ డ్యూటీ

సారూ, మా వార్డులో ఒక ముసలమ్మ మొన్న ఇదే చెప్పింది. పీర్ల మలీదలో సోంపు వేస్తారు, బతుకమ్మ మలీదలో యాలకులు వేస్తారు, వాళ్లింట్లో తేడా అంతే అట.

20. నిర్మల్ కొయ్యబొమ్మ

వరంగల్, కరీంనగర్ వాళ్లే మాట్లాడుతున్నారు. గోదావరి ఇవతల మేమూ ఉన్నాం. మా దగ్గర హోలీకి చక్కెర పేర్లు చూశారా? చక్కెర పాకం అచ్చుల్లో పోసి, దారానికి బిళ్లలుగా గుచ్చిన దండలు. వాటితో కుడుకల (ఎండుకొబ్బరి చిప్పల) దండ కూడా. కామదహనం అయ్యాక పిల్లల మెడలో వేస్తారు. మహారాష్ట్ర పక్కనే కదా, అక్కడి అలవాటు కలిసింది. మెడలో వేసుకున్న దండను సాయంత్రం దాకా కాపాడుకోవడం ఒక పరీక్ష. నేను ఎప్పుడూ గెలవలేదు. మెడ చుట్టూ చీమలు.

21. జగిత్యాల సకినం

మా దగ్గరా ఉంటాయి అన్నా! తొలి ఏకాదశి పేలాల పిండి మాట కూడా ఎవరూ ఎత్తలేదు. జొన్న పేలాలు, బెల్లం, యాలకులు. ఆషాఢంలో మొదటి పండుగకు మొదటి తీపి అదే. ఆ రోజు బడికి జేబులో పోసుకుని వెళ్తే లెక్కల పుస్తకం నిండా పిండి.

22. పాకం పిరికివాడు

సకినం అక్కా, మీ పేరు చూసి ఒక అనుమానం. ఈ చర్చ తీపి గురించి. సకినాలు ఇందులోకి వస్తాయా?

23. జగిత్యాల సకినం

రావు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. అవి సంక్రాంతివి. కానీ ఏడో రోజు వేపకాయలను చాలా ఇళ్లలో ఆ పిండితోనే చేస్తారు, కాబట్టి వెనక గుమ్మంలోంచి వచ్చాను. వెళ్లగొట్టకండి.

24. పరకాల పిలగాడు

అమ్మ మలీద గురించి చెబుతోంది. తంగేడు అక్కా, ముందు ఒక ప్రశ్న అడగమంటోంది. పోయిన ఏడు బెల్లం ఎలా కలిపారు?

25. తంగేడు

కరిగించి, వడగట్టి, కొంచెం పాకం వచ్చాక రొట్టె ముక్కల మీద పోశాను. ఇసుక ఉంటుందని వడగట్టాను.

26. పరకాల పిలగాడు

"పాకం పోస్తే అది చల్లారి బిగుసుకోదా? పల్లిపట్టీ చేసినట్టు చేసి మలీద అంటే ఎట్లా? రొట్టె దళసరిగా కాల్చు, అప్పడంలా కాదు. మచ్చలు పడాలి, మాడకూడదు. పెనం మీంచి దించగానే, చేయి కాలుతుండగానే నలపాలి. చల్లారితే ముక్కలు అవుతుంది కానీ పొడి కాదు. బెల్లం సన్నగా తురిమి ఆ వేడి పొడిలో వేసి రెండు అరచేతులతో రాయాలి. రొట్టె వేడికే బెల్లం మెత్తబడుతుంది. పొయ్యి మీద పెట్టకు. చివర నెయ్యి, యాలకులు. కిలో పిండికి అరకిలో పైన బెల్లం, పావుకిలో నెయ్యి. జొన్నపిండి అయితే పట్టించి వారం దాటకూడదు, రొట్టె విరుగుతుంది. చేతకాకపోతే గోధుమలో సగం మక్కపిండి కలుపు. బెల్లంలో ఇసుక ఉంటే దుకాణం మార్చు."

27. నైట్ డ్యూటీ

తంగేడుగారూ, మీ కార్యదర్శిగారి చేతులు ఖాళీగా ఉన్నాయా? నలిపే పనికి వంట రానక్కర్లేదు.

28. తంగేడు

ఖాళీగానే ఉన్నాయి. అడిగి చూస్తాను.

29. లెక్కల సారు

సద్దుల బతుకమ్మ శుభాకాంక్షలు. మా వీధిలో ఇంకా తంగేడు పూలు దొరకలేదు, గునుగు పూలు మాత్రం రెండు మోపులు తెచ్చాం. మీ దగ్గర ఏమయింది?

30. తంగేడు

ఇప్పుడే గుట్ట దగ్గరి నుంచి వచ్చాను. కాళ్లు లాగుతున్నాయి, అయినా రాసే పడుకుంటాను.

పొద్దున్నే మూడు పొయ్యిలు పెట్టాం. మా అత్తగారు, రెండో అంతస్తు పెద్దమ్మ, నేను రొట్టెలు కాల్చాం. నలపడానికి ఐదుగురు మగవాళ్లు కూర్చున్నారు. కార్యదర్శిగారు మొదటి రొట్టె పట్టుకుని "అబ్బో" అని వదిలేశారు. మా అత్తగారు "చల్లారితే కాదు బిడ్డా" అన్నారు. ఇక ఆయన ఏమీ అనలేదు. రెండో రొట్టె నుంచి తువ్వాల చుట్టుకుని నలిపారు. పీర్ల పండుగ అని పేచీ పెట్టిన పెద్దమనిషి బెల్లం తురిమారు. తురుముతూ ఎంత తిన్నారో నేను లెక్కపెట్టలేదు కానీ అరకిలో తక్కువ వచ్చింది. అత్తగారి డబ్బాలోని మేడారం బంగారం గీరి వేశాం.

మూడు కిలోల పిండి మలీద. గుట్ట దగ్గర పది నిమిషాల్లో అయిపోయింది. మెత్తగా ఉంది. పరకాల అమ్మగారికి చెప్పండి.

ఏడో రోజు వేపకాయలు మాత్రం పిల్లలు గుమ్మడికాయలంత చేశారు. లోపల పచ్చి. ఎవరికీ చెప్పకండి.

31. పరకాల పిలగాడు

చెప్పాను. "జొన్నవా గోధుమవా" అని అడుగుతోంది.

32. తంగేడు

గోధుమలో సగం మక్కపిండి.

33. పరకాల పిలగాడు

"వచ్చే ఏడు జొన్నలతో చేయమను" అంటోంది.

34. నైట్ డ్యూటీ

నేను ఎనిమిదిన్నరకు గుట్ట చేరేసరికి పూలన్నీ నీళ్లలో ఉన్నాయి. మెట్ల దగ్గర ఎవరో తెలియని అక్క దోసిలి పట్టమని సత్తుపిండి పోసింది. నువ్వులది, బెల్లం వేసినది. తంగేడుగారూ, అది మీరేనా? ఆకుపచ్చ చీర, చేతిలో స్టీలు డబ్బా.

35. తంగేడు

నాది పసుపు చీర. నాలుగో అంతస్తు అక్కది ఆకుపచ్చ. రేపు అడుగుతాను. డబ్బాలో ఇంకా పావుకిలో మిగిలింది, డ్యూటీకి వెళ్తూ ఇటు వచ్చి తీసుకువెళ్లండి.

36. పాకం పిరికివాడు

నిర్వాహకులకు కోపం రాకపోతే ఒక్క మాట. ఈ రాత్రి బియ్యం నానబెట్టాను. ఈసారి గిర్ని మా వీధి చివరే దొరికింది, పక్కింటి అన్న కలపడానికి వస్తానన్నాడు. నీళ్లు ఎన్నిసార్లు మార్చాలి?